50 దాటాక చీరకట్టు: ముందు జాకెట్టు సంగతి చూడాలా, చీర సంగతా?

గోరింట57:
అందరికీ నమస్కారం. వయసు 57, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. మూడేళ్లలో ఛాతీ కొలత 37 నుంచి 40కి వచ్చింది, జబ్బలు లావెక్కాయి. జుట్టుకి రంగు వేయడం మానేశాను, ముందువైపు పూర్తిగా తెలుపే. బీరువాలో మంగళగిరి, వెంకటగిరి, గద్వాల చీరలు బోలెడున్నాయి కానీ జాకెట్టు ఒక్కటీ పట్టడం లేదు. ఇంకా కొత్త చీరలు కొనాలని లేదు. ఉన్నవాటిని ఇష్టంగా కట్టుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పాత జాకెట్లు వదులు చేయించడం దండగా? గంజి పెట్టిన చీర కడితే గుమ్మటంలా కనిపిస్తున్నాను, దానికేమన్నా ఉపాయముందా?

సూదిమొన:
ముందు జాకెట్టేనండీ. చంక లాగుతూ భుజం జారుతూ ఉంటే ఎంత మంచి చీర కట్టినా ధ్యాసంతా దాని మీదే ఉంటుంది.

దర్జీకి పాత ఆది జాకెట్టు ఇవ్వకండి. దాన్ని చూసి పక్కలు వదులు పెడతారు తప్ప, భుజం నుంచి రొమ్ము మొన దాకా ఉండే కొలత పాతదే వేస్తారు. వయసుతో పెరిగేది ఆ కొలతే. అర అంగుళం, అంగుళం తేడా రావడం మామూలు. డాట్లు, అంటే రొమ్ము ఆకారం కోసం కుట్టే మడతలు, పాతచోటే పడితే పైన సంచిలా ఉబ్బుతుంది, కింద పట్టేస్తుంది. చీర మీదకి ఏ బ్రా వేసుకుంటారో అదే వేసుకుని వెళ్లి కొలతలు కొత్తగా తీయించండి. డాట్ కొస మొనకి ముప్పావు అంగుళం ఇవతలే ఆగాలి. మొన దాకా కుడితే కోసుగా పొడుచుకొస్తుంది. మీ కొలతకి ప్రిన్సెస్ కట్ నప్పుతుంది. చంక నుంచి నడుము దాకా ఒకే కుట్టు వెళ్తుంది కాబట్టి రేపు ఒళ్లు తగ్గినా పెరిగినా సరిచేయడం తేలిక.

చేతుల దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. 5, 6 అంగుళాల చెయ్యి జబ్బ సరిగ్గా లావుగా ఉన్నచోట ఆగుతుంది, చూపు అక్కడే పడుతుంది. 9 లేదా 10 అంగుళాలు పెట్టించుకోండి, మోచేతికి కాస్త పైన ఆగేలా. చెయ్యి చుట్టుకొలత మోచెయ్యి మడిచి తీయాలి. చాచి తీస్తే కూరగాయలు తరిగేటప్పుడు బిగుస్తుంది. చెయ్యెత్తితే జాకెట్టంతా పైకి లేస్తోందని చెప్తే కొందరు దర్జీలు చంకని ఇంకా కిందికి కోసేస్తారు. దాంతో బాధ ఎక్కువవుతుంది. చంక ఎంత కిందికి దిగితే జాకెట్టు అంత లేస్తుంది. చంక పైకే ఉంచి చేతి పైభాగం వెడల్పు పెంచమనండి.

పాతవాటి లెక్క ఇదీ: మీకు కావాల్సింది 3 అంగుళాలు. రెండు పక్కలా ముందు, వెనక కలిపి నాలుగు అంచులు, ఒక్కోదాంట్లో ముప్పావు అంగుళం వదలాలి. తిప్పి చూడండి. లోపల కనీసం ఒకటింపావు అంగుళం బట్ట ఉంటే పని జరుగుతుంది, వదిలాక కుట్టు నిలవడానికి ఇంకో అరంగుళం మిగులుతుంది. అంతకన్నా తక్కువుంటే చంకలో రెండున్నర అంగుళాల చదరపు ముక్కని మూలగా అతికించమనండి. అదే గుడ్డ దొరక్కపోతే లైనింగ్ రంగుదైనా ఫర్వాలేదు, ఎవరికీ కనబడదు. పట్టు జాకెట్టు విప్పితే పాత సూది రంధ్రాలు గీతలా మిగిలిపోతాయి. ముదురు రంగులో అయితే లోపలి బట్ట వెలవకుండా ఉంటుంది కాబట్టి అంచున చార కనిపిస్తుంది. అలాంటివాటిని విప్పించకండి.

కొత్తవి కుట్టించేటప్పుడు 80 సెంటీమీటర్ల ముక్క 40 కొలతకి, 10 అంగుళాల చేతులకి సాధారణంగా చాలదు. మీటరు తీసుకోండి. పది చీరలకి పది జాకెట్లు అక్కర్లేదు, 2 బై 2 రూబియా అనే జాకెట్టు కాటన్ గుడ్డలో నాలుగు రంగులుంటే చాలావాటికి సరిపోతాయి. కాటన్ లైనింగ్ కోసే ముందు రెండు గంటలు నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. ఇది చేయకపోతే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోయి పై బట్ట ముడతలు పడుతుంది. ఈ పని దర్జీ చేస్తాడని నమ్మకండి, మీరే చేసి ఇవ్వండి.

నేతమగ్గం:
గుమ్మటం సంగతి నేను చెప్తాను. తప్పు మంగళగిరిది కాదు, గంజిది. అది 80 కౌంటు నూలు (కౌంటు ఎంత ఎక్కువైతే పోగు అంత సన్నం), గంజి లేకపోయినా తనంతట తాను నిలబడే బట్ట. దానికి అన్నం గంజి చిక్కగా పట్టిస్తే కుచ్చిళ్లు పొట్ట దగ్గర గొడుగులా విచ్చుకుంటాయి. వెంకటగిరి అలా కాదు, 100 కౌంటు పలచని నూలు. కాస్త గంజి పడితేనే కుదురుగా ఉంటుంది.

ఒక చీరకి రెండు టేబుల్ స్పూన్ల సగ్గుబియ్యం నానబెట్టి, లీటరు నీళ్లలో గింజ కనబడకుండా కరిగేదాకా ఉడికించి, పలచని గుడ్డలో వడగట్టండి. దాన్ని నాలుగు లీటర్ల నీళ్లలో కలిపి చీర ముంచండి. వెంకటగిరికి ఇంతే. మంగళగిరికైతే ఇందులో సగం పలచన చేయండి, లేదా మానేయండి. వడగట్టకపోతే ముదురు రంగు మీద తెల్లమచ్చలు తేలతాయి. నీడన ఆరేసి, ఇంకా చెమ్మ ఉండగానే తిరగేసి ఇస్త్రీ చేయండి. చాన్నాళ్లు కట్టని చీర గంజితో దాచకండి, వెండిచేప పురుగులు గంజికే వస్తాయి.

కట్టేటప్పుడు కుచ్చిళ్లు 5 చాలు, వెడల్పు ఐదంగుళాలు. పై ఆరంగుళాల మేర ముందే మడతపెట్టి ఇస్త్రీ చేసి ఉంచితే పొట్ట దగ్గర పలకలా కూర్చుంటాయి. బొడ్డుకి కాస్త ఎడమగా దోపండి. దోపిన చోటుకి ఐదారు అంగుళాల కింద లోపలివైపు ఒక పిన్ను, అంతే. చెప్పులు వేసుకున్నాకే కట్టడం మొదలెట్టండి. తర్వాత వేసుకుంటే అంచు పైకి లేచి, ఉన్న ఎత్తు కూడా తగ్గినట్టుంటుంది.

పొట్టిగా ఉన్నవాళ్లు చీర ఒంటికి పూర్తి వ్యతిరేక రంగు జాకెట్టు వేయకపోవడం మంచిది. చీర రంగులోనే రెండు ఛాయలు ముదురు వేస్తే నిలువు తెగదు.

గోరింట57:
వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. గద్వాల చీరకి అంచు ఏడంగుళాలు ఉంది, నా ఎత్తుకి అది పనికొస్తుందా? ఇంట్లో ఉతకొచ్చా?

నేతమగ్గం:
ఏడంగుళాల అంచు అనగానే భయపడక్కర్లేదు. ఒళ్లు లేతపసుపు, అంచు ముదురు ఎరుపు అయితే పిక్క దగ్గర అడ్డగీత గీసినట్టు అవుతుంది. ఒళ్లు, అంచు ఒకే రంగు కుటుంబంలోవైతే, అంటే ముదురు ఆకుపచ్చకి నెమలికంఠం లాంటిదైతే, ఏడంగుళాలు తెలియనే తెలియవు. మొదటి రకమైతే కొంగుని విడిగా వదలకుండా సన్నగా మడతలు పెట్టి భుజాన వేయండి. నిలువు గీత వచ్చి కింది అడ్డగీత తగ్గుతుంది.

ఉతకడం: ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ప్రమాదమంతా ఆ రెండూ కలిసే చోటే. తడి తెల్లగుడ్డని అంచు లోపలివైపు నిమిషం నొక్కి చూడండి. రంగు అంటితే డ్రై క్లీనింగే. అంటకపోతే చల్లనీళ్లలో ఐదు నిమిషాలు మించకుండా జాడించి వెంటనే పరిచి ఆరేయండి. తడిమడత మీద వదిలేస్తే అంచు రంగు ఒంట్లోకి దిగుతుంది, మళ్లీ పోదు. జరీ అంచుకి గంజి వద్దు. ఫాల్ కొత్తగా వేయిస్తుంటే ఫాల్ గుడ్డ కూడా ముందే తడిపి ఆరేయాలి, లేకపోతే ఉతికాక అంచు గొలుసులా ముడుచుకుంటుంది.

తెల్లకొప్పు:
జాకెట్టు రంగు గురించి నేతమగ్గం గారు చెప్పినదానితో నాకు సగమే ఒప్పుదల. ఆయన ఎత్తు చూశారు, మొహం చూడలేదు. మొహానికి దగ్గరగా ఉండేది చీర ఒళ్లు కాదు, జాకెట్టు మెడ, భుజం మీది పైట. జుట్టు నెరిశాక నలుపు ఇచ్చే గట్టి గీత మొహం చుట్టూ ఉండదు. గంధం రంగు, బిస్కెట్ రంగు, పాలిపోయిన గులాబీ మొహం దగ్గర పడితే మనిషి నీరసంగా ఉన్నట్టు కనిపిస్తుంది. పెద్దవాళ్లకి లేతరంగులే హుందా అనడం ఎక్కడ మొదలైందో గానీ, తెల్లజుట్టుకి వంగపండు, ముదురు నెమలికంఠం, దానిమ్మ ఎరుపు, ఆవపిండి పసుపు దివ్యంగా ఉంటాయి.

లేతరంగు చీరలు పక్కన పెట్టేయక్కర్లేదు. ముదురు జాకెట్టు వేస్తే చాలు. ఏ రంగు నప్పుతుందో పగటిపూట కిటికీ పక్కన నిలబడి చూడండి. బొట్టు తప్ప ఇంకేమీ లేకుండా గుడ్డని గడ్డం కింద పట్టుకోండి. ముందు గుడ్డ కనిపిస్తే అది మీ రంగు కాదు, ముందు కళ్లు కనిపిస్తే అవును. దుకాణం దీపాల కింద తేల్చుకోవద్దు.

బరువైన బుట్టలు పెట్టుకుంటే చెవితమ్మె సాగుతుంది, రంధ్రం జారుతుంది. మాటీలు అందం కోసమే అనుకుంటారు, బరువుని జుట్టులోకి పంచడం వాటి అసలు పని. కొప్పు లేకుండా పొట్టి జుట్టుంటే మాటీ కొస నిలవడానికి చిన్న నల్ల పిన్నులు రెండు అడ్డంగా గుచ్చాలి.

సూదిమొన:
తెల్లకొప్పు గారి మాటకే నా ఓటు. ఎత్తు సంగతి కుచ్చిళ్లూ చెప్పులూ చూసుకుంటాయి.

లోలంగా మాట ఎవరూ ఎత్తలేదు. ఆరు ముక్కల లంగా, కాటన్‌ది, చీర రంగుకి దగ్గరది తీసుకోండి. పట్టుచీర కింద శాటిన్ జారుతుంది, కాటన్ పట్టుకుంటుంది. సన్న బొందు తీయించి రెండంగుళాల వెడల్పు నేత పట్టీ వేయించండి. బొందు ఏళ్లతరబడి ఒకే గీత మీద బిగిస్తే అక్కడ చర్మం నల్లబడి, పొలుసులు లేచి, పుండు పడుతుంది. అలాంటి మానని పుండు క్యాన్సర్‌గా మారిన కేసులు మన దేశంలో వైద్య పత్రికలకెక్కాయి. నడుము మీద అలాంటి మచ్చ ఉంటే పౌడరు చల్లి ఊరుకోకుండా చర్మ వైద్యులకి చూపించండి. బిగింపు చోటుని రోజూ అరంగుళం పైకీ కిందికీ మార్చండి.

ఇంకో మాట, వెంకటగిరి పైటకి పిన్ను నేరుగా గుచ్చకండి. పిన్నులో ముందు చిన్న ముత్యప్పూస ఎక్కించి, తర్వాత బట్టకి పెట్టి, జాకెట్టు భుజం కుట్టు మీద బిగించండి. పూస అడ్డుండడంతో పిన్ను చుట్టలో నూలు ఇరుక్కోదు, చిరగదు.