జగముల వేగునా, వ్రేఁగునా?

మూడో పెడల్
నాలుగు రోజులుగా ఒక పాదం నన్ను వదలడం లేదు. పోతన భాగవతంలో భీష్ముడి స్తుతిలో సీసం, భీష్ముణ్ణి చంపడానికి కృష్ణుడు అర్జునుడి రథం మీంచి దూకి వచ్చే ఘట్టం, "కుప్పించి యెగసిన" తరవాతి పాదం. నా నోట్లో తిరుగుతున్నది ఇలా: "నుఱికిన నోర్వక యుదరంబులో నున్న జగముల వేగమున జగతి గదల". చిన్నప్పుడు విని పట్టుకున్నదే తప్ప పుస్తకంలో చూసి నేర్చుకున్నది కాదు.

ఇప్పుడెందుకంటే, టొయోటా నుంచి వస్తుందని అందరం ఎదురుచూస్తున్న మధ్య ఇంజిన్ స్పోర్ట్స్ కారు మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. 2025 జనవరిలో టోక్యో ఆటో సెలూన్‌లో జీఆర్ యారిస్ ఎమ్ కాన్సెప్ట్‌ను చూపించారు కదా, రెండు లీటర్ల టర్బో ఇంజిన్‌ను సీట్ల వెనక పెట్టి. అమ్మకానికి వచ్చే కారులో ఆరు గేర్ల మాన్యువల్ ఉంటుందా, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే ఇస్తారా అన్నది ఇంకా ఊహల్లోనే ఉంది. మాన్యువల్ ఉంటుందనే నా నమ్మకం. ఆ పాదాన్ని శీర్షికగా పెట్టాలని ఉంది. "వేగమున" సరైన పాఠమేనా? ఇంకో సందేహం. గేరు మారేటప్పుడు కారు రెప్పపాటు వెనకాడి, మళ్లీ ముందుకు దూకే కదలిక ఒకటుంటుంది. దానికి "కుప్పించు" సరిపోతుందా?

అరసున్న
వేగమున కాదండీ, "వ్రేఁగున". వ్రేఁగు అంటే బరువు. కడుపులో ఉన్న లోకాల బరువుకి ఓర్వలేక భూమి కదిలిందని భావం. వేగానికి అక్కడ పని లేదు. "వేగమున" అని పెట్టి ఒకసారి గణాలు కట్టి చూడండి. జగముల నలం (నాలుగు లఘువులు), అక్కడిదాకా బాగానే ఉంది. తరవాత గురువు మీద మూడు లఘువులు పడతాయి. సీసంలో అక్కడ రావలసింది ఇంద్రగణం, అలాంటి ఇంద్రగణం లేదు.

సీసపాదం
వేగమున నిలవదు, ఒప్పుకుంటాను. కాని "వేగున" అంటే నిలుస్తుంది. వ్రేఁగున భగణం (గురువు, రెండు లఘువులు), వేగున కూడా భగణమే. వ్రేకి ముందున్న "ల" తేలకుండా గురువైందని ఎవరైనా పట్టుబట్టినా జగముల నగం (మూడు లఘువులు, గురువు) అవుతుంది, అదీ ఇంద్రగణమే. యతి జగములకీ జగతికీ మధ్య ఉంది కాబట్టి ఈ అక్షరం దాని పరిధిలోకి రాదు. కాబట్టి ఛందస్సుతో వేగమునను కొట్టేయగలం గాని వేగునను కొట్టేయలేం.

అరసున్న
కొట్టేయడానికి అర్థం చాలదా? "జగముల వేగున" అంటే ఏమిటి? వేగు అంటే గూఢచారి.

సీసపాదం
వ్రేలు వేలైంది, వ్రేలాడు వేలాడు అయింది, క్రొత్త కొత్తయింది, మ్రాను మానయింది. వ్రేఁగు మాత్రం వేగు కాకూడదా? మూడో పెడల్ గారికి చెప్పినవారు "వేగున" అనే చదివి ఉంటారు, బరువు అన్న అర్థంతోనే. రావత్తు నోట్లో అరిగిపోయింది. వేగు అన్న ఆ పాత మాట తెలియక ఈయన దాన్ని వేగంగా విన్నారు. తప్పు చెవిది, చదివినవారిది కాదు.

మూడో పెడల్
మా తాతయ్య చదివేవారు. ఆయన నిజంగానే "వేగున" అనేవారేమో. ఇప్పుడు ఎంత తలచుకున్నా ఆ ఒక్క అక్షరం దగ్గర గొంతు వినపడడం లేదు.

ఇరుసు
సీసపాదం గారి మాటకి సాక్ష్యం వాడుకలోనే ఉంది. వేకటి మనిషి అంటాం కదా, గర్భిణిని. అది వ్రేకటి. వ్రేఁగు, వ్రేఁకము, వ్రేకటి, అన్నీ ఒక గూటివే. అంటే సరిగ్గా ఈ ధాతువులోనే రావత్తు పోయిన రూపం జనం నోట బతికి ఉంది. పైగా పద్యంలో ఆ బరువు ఎక్కడుందో చూడండి: "యుదరంబులో నున్న జగముల". కడుపులో మోస్తున్న బరువు. పోతన ఇంకే మాటైనా వేసుకోవచ్చు. కడుపు పక్కన వ్రేఁగు వేశాడు. ఇది యాదృచ్ఛికమంటే నేను నమ్మను.

అరసున్న
వేకటి సంగతి బాగుంది, కాదనను. అచ్చులో ఉన్న పాఠం వ్రేఁగున అన్నది మాత్రం మారదు. శీర్షికలో పెడితే రావత్తూ అరసున్నా రెండూ ఉండాలి.

జంట క్లచ్
నేను ఛందస్సు మనిషిని కాను, కార్ల మనిషిని. అయినా ఈ వ్రేగు, వేగం గొడవ నాకు మహా ఇష్టంగా ఉంది, ఎందుకంటే గేర్‌బాక్స్ వాదమంతా ఈ రెండు మాటల మధ్యే నడుస్తుంది. 2021లో వచ్చిన పోర్షా 911 జీటీ3ని తీసుకోండి. ఆరు గేర్ల మాన్యువల్ కారు 1418 కిలోలు. ఏడు గేర్ల జంట క్లచ్ కారు 1435 కిలోలు. పదిహేడు కిలోల వ్రేగు ఎక్కువ. నిలబడ్డ చోటి నుంచి 100 కిలోమీటర్ల వేగానికి మాన్యువల్‌కి 3.9 సెకన్లు పడితే, ఆ బరువైన కారుకి 3.4 సెకన్లు చాలు. గరిష్ఠ వేగం దగ్గర మళ్లీ తిరగబడుతుంది: మాన్యువల్ 320, జంట క్లచ్ 318. ఒక్క కారులోనే బరువున్నది ముందు గెలుస్తుంది, తేలికది చివర గెలుస్తుంది.

"కుప్పించు" మాటకి వస్తే, జంట క్లచ్‌లో అది జరగదు. బేసి గేర్లు ఒక షాఫ్ట్ మీద, సరి గేర్లు ఇంకో షాఫ్ట్ మీద, ఒక్కోదానికి ఒక్కో క్లచ్. మూడో గేరులో పోతుండగానే నాలుగోది సిద్ధంగా ఉంటుంది. ఒక క్లచ్ విడుస్తుంటే రెండోది పట్టుకుంటుంది. చక్రాలకు అందే బలం తెగదు, వెనకాడడమన్నదే లేదు. మాన్యువల్‌లో క్లచ్ తొక్కగానే ఇంజిన్‌కీ చక్రాలకీ పొత్తు తెగుతుంది, ఒళ్లు కాస్త ముందుకు తూలుతుంది, గేరు పడి క్లచ్ వదలగానే వీపు సీటుకి అతుక్కుంటుంది. ఆ తెగి అతికే చోటే మూడో పెడల్ గారు పేరు పెట్టాలనుకుంటున్నది.

ఇరుసు
అదే నేను చాలా ఏళ్లుగా అనుకుంటున్నది. కుప్పించులో కుప్ప ఉంది. ఒళ్లంతా ఒక్కచోటికి కుప్పగా పోసుకోవడం, అంటే ముడుచుకోవడం. ఆ తరవాతే ఎగయడం. ఎగిరే ముందు పులి ఒదిగినట్టు. పోతన "కుప్పించి యెగసిన" అన్నాడు, రెండు క్రియలు వేశాడు. కుప్పించడం ఎగయడం ఒకటే అయితే రెండెందుకు? మొదటిది క్లచ్ తొక్కడం, రెండోది వదలడం అని నిశ్చయంగా చెప్తాను.

సీసపాదం
ఇరుసు గారూ, కుప్పిగంతులు వేసే పిల్లలు ఎక్కడ ముడుచుకుంటారు? కుప్పి అన్నా గంతే, కుప్పించు అన్నా గంతే. జంట మాటలు వాడడం మన భాషకి అలవాటు. ఎగిరి గంతేశాడు అంటే రెండు పనులు చేశాడనా? కుప్ప నుంచి కుప్పించు పుట్టిందన్నది చెవికి ఇంపుగానే ఉంటుంది. నిరూపణ కావాలంటే ఒదగడమన్న అర్థంలో కుప్పించు ఒంటరిగా, పక్కన ఎగయు లేకుండా వచ్చిన ప్రయోగం ఒక్కటి చూపించండి.

ఇరుసు
చూపిస్తాను, సమయం ఇవ్వండి. ఈలోగా మీరు రెండో పాదం మొదలు చూడండి: "ఉఱికిన". ఎగయడం పైకి, ఉఱకడం కిందికి. కుప్పించి, ఎగసి, ఉఱికి. మూడు ఘట్టాలు వరసగా పెట్టాడు కవి. రథం మీంచి కిందికి ఉఱికాడు కాబట్టే భూమి కదిలింది. మొదటి ఘట్టాన్ని రెండోదానిలో కలిపేస్తే ఆ వరస చెడుతుంది.

పచ్చనిపటము
ఎవరూ మూడో పాదం దాకా రారేమిటి! "చక్రంబుఁ జేపట్టి చనుదెంచు రయమునఁ బైనున్న పచ్చనిపటము జాఱ". లోకాలు కదులుతున్నాయి, ఆకాశం కుండలాల కాంతితో నిండిపోయింది, ఆ హడావిడిలో భుజం మీది బట్ట జారడాన్ని చూశాడు చూడండి పోతన. అంపశయ్య మీద ఉన్న భీష్ముడికి గుర్తున్నది అది! తనని చంపడానికి వస్తున్నవాడి ఉత్తరీయం. నేనీ పాదం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆగిపోతాను. మీకు వేగమే కావాలంటే శీర్షిక ఇక్కడ ఉంది, "రయమున". వేగమన్న అర్థం ఉన్న మాట పద్యంలో అదే. రయ్‌మని పోయింది అంటాం కదా, ఈ రయమే.

అరసున్న
రయ్‌మని అన్నది ధ్వన్యనుకరణ. సర్రున, జుయ్యిన, రివ్వున ఎలాగో అదీ అలాగే. రయము సంస్కృతం. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కుదరదు.

పచ్చనిపటము
పుట్టుక వేరైనా విన్నవాడి మనసులో రెండూ కలిసిపోతాయి, కవికి కావలసింది అదే. పాడుతున్నప్పుడు నాకు ఆ "రయమున"లో గాలి చప్పుడు వినపడుతుంది.

జంట క్లచ్
మూడో పెడల్ గారి అసలు నమ్మకం సంగతి ఎవరూ ముట్టుకోలేదు. మాన్యువల్ వస్తుందా? టొయోటా చేసింది చూస్తే నాకు ఆశ ఉంది. సుప్రా 2019లో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌తో మాత్రమే వచ్చింది, 2022లో ఆరు గేర్ల మాన్యువల్ చేర్చారు. టర్బో జీఆర్ యారిస్ ఇందుకు తలకిందులు: మాన్యువల్‌తో మొదలై 2024లో ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ కూడా తెచ్చుకుంది. అంటే రెండూ ఇవ్వడానికి వాళ్లకు అభ్యంతరం లేదు. ఏది ముందు అన్నదే ప్రశ్న. నా పందెం ఆటోమేటిక్ ముందు అని. ఇంజిన్ వెనక్కి పోయాక గేరు కర్ర నుంచి గేర్‌బాక్స్ దాకా తీగలు పొడుగవుతాయి, ఆ చేతి స్పర్శ కుదిర్చేందుకు పనెక్కువ.

మూడో పెడల్
పొడుగు తీగలు అడ్డమైతే టొయోటాదే పాత మధ్య ఇంజిన్ కారు ఎమ్మార్2 వచ్చేదే కాదు. 1984 నుంచే దాన్ని మాన్యువల్‌తో అమ్మారు. మూడో తరంలో క్లచ్ పెడల్ లేని ఎస్ఎమ్‌టీ గేర్‌బాక్స్ కూడా పెట్టారు గాని జనం గుండెల్లో మిగిలింది మూడు పెడళ్ల కారే. పోర్షా కూడా 2013 జీటీ3లో మాన్యువల్ తీసేసి 2017లో తిరిగి తెచ్చింది. మధ్యలో 2016లో మాన్యువల్ ఒక్కటే ఉన్న 911 ఆర్ అనే కారును 991 సంఖ్యలో చేసింది. అడిగేవాళ్లు ఉంటే వస్తుంది.

జంట క్లచ్
అడిగినా రానివీ ఉన్నాయి. కార్వెట్ ఇంజిన్ మధ్యలోకి వచ్చిన 2020 మోడల్‌తోనే మూడో పెడల్ పోయింది, ఎనిమిది గేర్ల జంట క్లచ్ ఒక్కటే. మధ్య ఇంజిన్ కారుకి దగ్గరి పోలిక అదే కదా.

సీసపాదం
ఈ విషయంలో నాదొక చిన్న సూచన. ముసుగేసిన కార్లను రోడ్డు మీద పట్టుకుని తీసే ఫోటోలకి తెలుగులో మాట లేదని ఎవరో అన్నారు ఒకసారి. "వేగు ఫోటోలు" అనండి. ముందే తెలుసుకుని వచ్చి చెప్పేవాడు వేగు. అప్పుడు మీ వ్యాసంలో వేగూ, వ్రేగూ, వేగమూ మూడూ పక్కపక్కన ఉంటాయి, మూడింటికీ తేడా తెలిసేలా.

మూడో పెడల్
వేగు ఫోటోలు తీసుకుంటున్నాను, ధన్యవాదాలు. శీర్షిక ఇంకా తేలలేదు. బరువు మాటని స్పోర్ట్స్ కారుకి శీర్షికగా పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. జంట క్లచ్ గారి జీటీ3 లెక్క చూశాక మానేయడానికీ ఒప్పడం లేదు.

ఇరుసు
పద్యంలో తోలేవాడి సంగతి కూడా ఆలోచించండి. పగ్గాలు వదిలి దిగిపోయినవాడు సారథి. "మన్నింపు మని క్రీడి మరలఁ దిగువ", వెనక్కి లాగుతున్నవాడు రథికుడు. నడిపే చెయ్యి బండి మీద ఉండాలని పట్టుబట్టేది ఎక్కి కూర్చున్నవాడు. మాన్యువల్ కావాలనేవారి మాట నాకు అర్జునుడి మాటలాగే వినిపిస్తుంది.

జంట క్లచ్
పగ్గాలు వదలకుండానే రెండూ చేయొచ్చు. 2022లో చూపిన కోనిగ్‌సెగ్ సీసీ850లో ఒకే గేర్‌బాక్స్ కావాలంటే క్లచ్ తొక్కి వేసే ఆరు గేర్ల మాన్యువల్, వద్దంటే తొమ్మిది గేర్ల ఆటోమేటిక్. టొయోటా అంత ఖరీదైన పని చేయదు గాని దారి ఉందని తెలిసింది.

అరసున్న
అందరూ సీసం చివర వచ్చే ఎత్తుగీతిని వదిలేశారు. "మద్విశిఖ వృష్టిఁ దెరలి చనుదెంచు". తెరలు అంటే వెనక్కి తగ్గడమా, పొంగడమా? నీళ్లు తెర్లుతున్నాయి అంటే మరుగుతున్నాయని. వెనక్కి తగ్గినవాడు చనుదెంచడం ఎలా కుదురుతుంది?

ఇరుసు
తగ్గి, ఆ తగ్గుదలలోంచే ముందుకు రావడం. నేను కుప్పించు గురించి చెప్తున్నదీ అదే కదండీ!

సీసపాదం
కాదు, బాణాల వాన తగిలి చలించి అని. ఎవరి దగ్గరైనా పాత టీక ఉంటే ఆ ఒక్క మాట చూసి చెప్పండి.