కంచు ల్యాంప్ అంటున్నారు, నిజంగా పోత పోసిందేనా ఎలా తెలుస్తుంది?

ఫ్రెండ్స్, స్కల్ప్చర్ టైపు మెటల్ ఫర్నిచర్, లైట్లు కలెక్ట్ చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఒక స్టాండింగ్ ల్యాంప్ కొందామనుకుంటున్నా, చెట్టు కొమ్మలా మెలికలు తిరిగి భలే ఉంది, అమ్మేవాళ్ళేమో మొత్తం పోత పోసిన కంచు అంటున్నారు కానీ అయస్కాంతం పెడితే కింద దిమ్మకి టక్కున అతుక్కుంటోంది, కొమ్మలకి మాత్రం అతుక్కోవట్లేదు. దిమ్మ అడుగున 3/8 అని, అంటే ఎనిమిది కాపీల్లో మూడోది అని, చెక్కి ఉంది. ఫ్రాన్స్‌లో 8 కాపీలు, ఇంకో 4 ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు (ఆర్టిస్ట్ తన కోసం ఉంచుకునే కాపీలు) ఒరిజినల్ కిందే లెక్క అని తెలుసు, కానీ నంబర్ ఎవడైనా చెక్కేయొచ్చు కదా. అలాగని పోత కాకపోతే వేస్ట్ అని కూడా అనను, అమెరికన్ డిజైనర్ పాల్ ఎవాన్స్ చేసిన స్కల్ప్టెడ్ బ్రాంజ్ అనే ఫర్నిచర్ రెసిన్ మీద కంచు స్ప్రే చేసిందే, దానికీ కలెక్టర్లు ఎగబడతారు. ఏదో ఒకటి తేలితే చాలు.

ఇంకోటి, అతుకుల దగ్గర లేత ఆకుపచ్చ చిలుం, గోరు తగిలితే పొడిలా రాలుతోంది, ఇది మామూలు ప్యాటినానా (కాలం గడిచేకొద్దీ మెటల్ మీద పట్టే రంగు పొర) లేక మెటల్‌ని తినేస్తోందా? లోపల వైరు కూడా పెళుసెక్కింది, మార్పిస్తే విలువ పడిపోతుందా, పాత హోల్డర్ దాచి ఉంచితే సరిపోతుందా? పాలిష్ కొట్టించమని మాత్రం చెప్పకండి ప్లీజ్, ఆ రంగు పోతే మళ్ళీ రాదు.