డెస్క్‌టాప్‌కి ర్యామ్: నాలుగు స్లాట్లూ నింపాలా?

కావలి తమ్ముడు:
అన్నా, డాలస్ వచ్చి మూడు వారాలైంది. ఊరికి వెళ్లిపోతున్న సీనియర్ దగ్గర డెస్క్‌టాప్ కొన్నాను. ప్రాసెసర్ రైజెన్ 5 7600, డీడీఆర్5 తరం ర్యామ్ 16 జీబీ స్టిక్కు ఒక్కటే, మూడు స్లాట్లు ఖాళీ. యాప్‌లు రాసే ఆండ్రాయిడ్ స్టూడియో, తెర మీదే ఫోన్‌ను నడిపే ఎమ్యులేటర్ కలిపి తెరిస్తే మూలుగుతోంది. మూడూ నింపేద్దామా? నెల్లూరు ట్రంకు రోడ్డులో నాన్నకు తెలిసిన షాపుంది. ఎవరైనా వస్తుంటే పంపిస్తానంటున్నాడు.

ఒంగోలు అన్న:
నాన్నను ఆగమను. వచ్చిన కొత్తలో నేనూ ఇట్టాగే తెప్పించుకున్నా. గోంగూర పచ్చడితో పాటు స్టిక్కు భద్రంగానే దిగింది, బోర్డులోకే దిగలేదు. నాది డీడీఆర్4, వచ్చింది డీడీఆర్3. డీడీఆర్4, డీడీఆర్5 అయితే ఇంకా మోసం: రెండింటికీ పిన్నులు 288, గాడి చోటే వేరు. బలవంతంగా నొక్కితే స్లాటు పోతుంది. నీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డుకి డీడీఆర్5 తప్ప ఎక్కదు.

అసలు సంగతి, మీ సీనియర్ జోడెద్దుల బండికి ఒంటెద్దును కట్టి ఇచ్చాడు. ప్రాసెసర్‌కి మెమరీ చానెళ్లు, అంటే ర్యామ్‌తో డేటా నడిచే దారులు, రెండు. ఒక్క స్టిక్కే ఉంటే రెండోది ఊరికే పడుంటుంది. కంప్యూటర్ వివరాలు చూపే సీపీయూ-జడ్ ప్రోగ్రాంలో 2 x 32 అని చూసి రెండు చానెళ్లూ నడుస్తున్నాయనుకోకు. డీడీఆర్5లో ఒక్క స్టిక్కే లోపల రెండు 32 బిట్ల భాగాలుగా ఉంటుంది. జత పెట్టాక 4 x 32 కనిపించాలి.

అట్టాగని నాలుగెద్దులు కట్టినా పరుగెత్తదు. మామూలు స్టిక్కులు రెండుంటే స్పీడు 5200, నాలుగుంటే 3600 అని ఆ ప్రాసెసర్‌ తయారుచేసిన ఏఎండీనే చెప్పింది. నాలుగింటినీ అంతకన్నా వేగంగా నడిపేవాళ్లు లేకపోలేదు, సెమిస్టర్ మధ్యలో ఆ టెన్షన్ నీకెందుకు? ఒకే ప్యాకెట్లో వచ్చే 16 జీబీల జత తీసుకో. ఎమ్యులేటర్ పనికి 32 చాలు. కంప్యూటర్ లోపల కంప్యూటర్లలా నడిచే వర్చువల్ మెషిన్లు నాలుగైదు నడిపేలా ఉంటే ఇప్పుడే 32ల జత కొను, తర్వాత ఇంకో జత కలుపుదాంలే అనుకోవద్దు. ఏఎండీ చెప్పిన 5200 దాటినా, జతకి 6000 స్పీడు, సీఎల్30 మంచిది. సీఎల్ అంటే ర్యామ్ జవాబివ్వడంలో ఆలస్యం, తక్కువుంటే మేలు. సీఎల్36 అయినా కొంప మునగదు.

కావలి తమ్ముడు:
ఉన్నదానికి తోడుగా అదే కంపెనీది ఇంకోటి కొంటే డబ్బులు మిగులుతాయి కదన్నా?

ఒంగోలు అన్న:
నడవొచ్చు. లేబుల్ ఒకటే అయినా లోపలి చిప్పులు మారుతుంటాయి మరి. వాపసు తీసుకునే చోట కొని, రాత్రంతా ర్యామ్‌లో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం పెట్టు. ఒక్క ఎర్రర్ వచ్చినా తిరిగిచ్చేయ్.

ఉదయగిరి అక్క:
తమ్ముడూ, ముందు ప్లగ్గు తీసి, క్యాబినెట్ ఇనుప భాగం ముట్టుకున్నాకే స్టిక్కు పట్టుకో. మన ఉక్కపోతలో తెలీదు గానీ, ఇక్కడ చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో కార్పెట్ మీద నడిచి తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆ చురుకే చిప్పును కాల్చేస్తుంది. మామూలుగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలి. బోర్డు పుస్తకంలో ఒకసారి చూసుకో.

మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉంటుంది. ర్యామ్‌ను సరిచూసుకుంటోందంతే. నేను పాడైపోయిందనుకుని మూడుసార్లు ప్లగ్గు పీకి, మూడుసార్లూ మొదటి నుంచి మొదలుపెట్టించా. టీ పెట్టుకుని రా. తర్వాత బయాస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల్లో, ర్యామ్‌ను దాని లేబుల్ స్పీడుకు నడిపే ఎక్స్‌పో ఆన్ చెయ్, లేకపోతే 6000ది కొన్నా 4800 దగ్గరే నడుస్తుంటుంది.