కొవ్వు హార్మోన్ల సంగతి తెలిసినోళ్లు జర చెప్పున్రి
హన్మకొండ నుంచి అడుగుతున్న. మా బాపుకు షుగర్ ఉంది, కాళ్లు చేతులు సన్నగనే ఉంటయి గని బెల్టు ఆఖరి బెజ్జం దాక వచ్చింది, నడుం 98 సెంటీమీటర్లు, మన దగ్గర మగోళ్లకు 90 దాటొద్దంటరు కదా. పొట్టకొవ్వు ఊకె పడి ఉండదు, హార్మోన్లు వదుల్తదని చదివిన. ఆకలి ఇగ చాలని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ ఎక్కువున్నా లావైనోళ్లల్ల మెదడు దాని మాట సరిగ వినదట, అడిపోనెక్టిన్ అనే ఇంకో కొవ్వు హార్మోన్ ఏమో రివర్సు, కొవ్వు పెరిగితే అది తగ్గుతది, ఇన్సులిన్ సక్కగ పనిచేసుడుకు అదే సాయం. ఇంతదాక సమజైంది. మరి హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని సరిగ పంపు చెయ్యలేని జబ్బు) ఉన్నోళ్లల్ల అదే అడిపోనెక్టిన్ ఎక్కువుంటే ప్రాణానికి రిస్కు ఎక్కువని ఎందుకంటున్నరు? మంచిదైతే గట్లెట్లయితది? జబ్బుతోని ఒళ్లు చిక్కిపోవుడు వల్ల పెరుగుతదా? ల్యాబోళ్లు ఈ అడిపోనెక్టిన్ టెస్టు చేస్తమంటున్నరు, దాంతోని మందులేమన్న మారుతయా, లేకపోతే లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్టు), హెచ్‌బీఏ1సీ (మూడు నెల్ల షుగర్ సగటు టెస్టు) సరిపోతయా?