ముందే నిర్ణయమైపోతే నశించినవాడి తప్పేమిటి?

సువార్త_సేవకుడు: అందరికీ వందనాలు. మా యూత్ మీటింగ్‌లో ఒక బ్రదర్ కాల్వినిజం బోధించారు. ఎవరు రక్షణ పొందాలో, ఎవరు నశించాలో జగత్తు పునాది వేయకముందే దేవుడు నిర్ణయించాడట. మన విశ్వాసం చూసి కాదట. నా మనసు ఒప్పుకోవడం లేదు. మనుషులందరూ రక్షణ పొందాలని దేవుడు కోరుతున్నట్టు 1 తిమోతి 2:4లో ఉంది. అందరు అంటే అందరే కదా?

కృప_మాత్రమే: ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి బ్రదర్. రాజుల కోసం, అధికారుల కోసం ప్రార్థించమన్నాక వచ్చిన మాట అది. అన్ని రకాల మనుషులు అని అర్థం. లూకా 2:1లో సర్వలోకానికి ప్రజాసంఖ్య రాయమన్నారు. మన దేశంలో కూడా రాశారా? రోమా 9లో యాకోబు, ఏశావు అనే కవలలు పుట్టకముందే, మేలైనా కీడైనా చేయకముందే దేవుని ఏర్పాటు, అంటే ఎంపిక, జరిగిపోయింది. ఈ బోధను ఒప్పుకోని డచ్ బోధకుడు అర్మీనియస్ అనుచరులు 1610లో ఐదు అభ్యంతరాలు పెడితే, 1618–19లో నెదర్లాండ్స్‌లో జరిగిన దోర్త్ సంఘసభ అన్నిటికీ వాక్యంతో జవాబిచ్చింది.

సువార్త_సేవకుడు: ఆ సభలో అర్మీనియస్ పక్షంవారిని నిందితుల్లా నిలబెట్టి, చివరికి బయటికి పంపేశారు. అది న్యాయమా? రోమా 9 ఆ కవలల నుంచి వచ్చిన ఇశ్రాయేలు, ఎదోము జనాంగాల సంగతి. ఎంపిక అయిపోయాక ఇక ప్రకటించడం ఎందుకని 1739లోనే మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ అడిగాడు.

చిన్నవాడు: రెండూ వాక్యంలో ఉన్నాయి. రెండూ నమ్ముదాం.

కృప_మాత్రమే: మిషనరీ విలియం కేరీ కాల్వినిస్టే. 1793లో బెంగాల్‌కు వచ్చాడు. ఆయన ఉన్న శ్రీరాంపురం ప్రెస్‌లోనే 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది. ఎంపికను నమ్మినవాడు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. మీరు ఇంకా "అందరు" దగ్గరే ఆగిపోయారు. మనిషి ఇష్టాన్ని దేవుడి కంటే పైన పెడుతున్నారు.

సువార్త_సేవకుడు: మీరు దేవుణ్ణి నియంతను చేస్తున్నారు. నరకానికని మనుషుల్ని పుట్టించేవాణ్ణి తండ్రీ అని ఎలా పిలుస్తారు?

నెల్లూరు_అక్క: తమ్ముళ్లూ, రెండు రోజులుగా చదువుతున్నాను. ఆరేళ్ల క్రితం నా పాప పుట్టిన మూడో రోజున పోయింది. ఆ మూడు రోజులూ ఆసుపత్రిలో అద్దాల బాక్సులో పెట్టారు. ఎత్తుకోనివ్వలేదు. చెయ్యి లోపలికి పెట్టి అరికాలు నిమరడం ఒక్కటే. సమాధి చేసిన సాయంత్రం ఒక పాస్టరుగారు "ఏర్పాటులో ఉందో లేదో దేవునికే తెలుసు, ఆయన చిత్తానికి లోబడమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి నేను రోమా 9 తెరవలేదు.

కృప_మాత్రమే: అక్కా, ఆయన అలా అనకూడదు. దోర్త్ తీర్మానాల మొదటి భాగం 17వ అంశంలోనే, పసితనంలో పోయిన బిడ్డల ఏర్పాటు గురించి భక్తిగల తల్లిదండ్రులు సందేహపడకూడదని ఉంది. నేను ఈ బోధను ఎందుకు వదలనో చెబుతాను. పదకొండేళ్లు తాగాను. మా అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఎన్ని ఒట్లు వేశానో లెక్కలేదు. నా ఇష్టానికి వదిలేసి ఉంటే ఇవాళ కూడా బ్రాందీ షాపు ముందే ఉండేవాణ్ణి. ఆయనే లాక్కొచ్చాడు. "నువ్వే నిర్ణయించుకున్నావు" అని ఎవరైనా అంటే నా సాక్ష్యం నా దగ్గర నుంచి తీసేసుకున్నట్టు ఉంటుంది.

నెల్లూరు_అక్క: నిన్ను తెచ్చాడంటే సంతోషం తమ్ముడూ. నా పాపకు ఆ 17వ అంశం ఉంది, సరే. పక్క బాక్సులో ఇంకో పాప ఉండేది. వాళ్లు హిందువులు. ఆ తల్లీ నేనూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే ఫ్లాస్కులో టీ తాగాం. ఆ పాప కూడా ఆ రాత్రే పోయింది. ఆ పాప సంగతేమిటి?

సువార్త_సేవకుడు: నేను అడగాల్సింది ఇదే, వచనాల మధ్య తప్పిపోయాను. లాగే శక్తి ఉన్నవాడు ఒకణ్ణి లాగి పక్కవాణ్ణి వదిలేస్తే, వాడి మీద ఆయనకు ప్రేమ ఉన్నట్టా, లేనట్టా?

కృప_మాత్రమే: పసితనంలో పోయినవారంతా రక్షణ పొందినట్టేనని 1903లో అమెరికా ప్రెస్బిటేరియన్లు తమ విశ్వాస ప్రమాణానికి వివరణ ఇచ్చారు. నేనూ అదే నమ్ముతాను అక్కా, ఆ పాప విషయంలో కూడా. సూటిగా ఒక వచనం చూపించమంటే చూపించలేను. ఆయన మంచివాడని తెలుసు, అందుకే నమ్ముతున్నాను.

సువార్త_సేవకుడు: "అందరు" అనే మాటను నేనూ అలాగే చదివాను బ్రదర్.

కృప_మాత్రమే: పెద్దవాళ్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. రేపు రోమా 5 మీద రాస్తాను.