హార్మోన్ సూది వేయించి నాలుగు రోజులైంది, ఆవు ఇంకా ఎదకు రాలేదు

పలమనేరు రైతు:
అన్నలారా, పొద్దుటి నుంచి ఫోన్‌లో వెతికి వెతికి తల తిరిగిపోయింది. జెర్సీ సంకరజాతి ఆవు, ఈని ఐదు నెలలు. ఎదకు రావడం లేదని డాక్టరు గారితో హార్మోన్ సూది వేయించాను. నాలుగు రోజులైనా అరుపు లేదు, మానం నుంచి జిగురు తీగలు లేవు. తెల్లవారుజామున మూడింటికి లేచి చూస్తున్నా. ఒకటే టెన్షన్. ఇంకో సూది తెచ్చి నేనే వేసేయనా?

గేదెల షెడ్డు, గుంటూరు:
ఏ సూది?

పలమనేరు రైతు:
హార్మోన్ సూదేనండి.

సహజ సేద్యం:
ముందు ఈ హార్మోన్లు మానండి. పాలు చేపడానికి రెండు పూటలా సూది పొడిచి పశువులను పాడుచేశారు. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, పచ్చిమేత పెట్టండి. మా దగ్గర పొర్లే ఆవులన్నీ దీంతోనే కట్టాయి.

రిటైర్డ్ పశువైద్యుడు:
మీరు చెప్పేది ఆక్సిటోసిన్. పాల కోసం దాన్ని పొడవడం 1960 జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. గర్భధారణకు వాడేవి వేరు, రెంటినీ కలిపి రైతును భయపెట్టకండి. లవణ మిశ్రమం మాట మాత్రం నిజం, బక్కచిక్కిన ఆవుకు ఏ హార్మోనూ సరిగా పనిచేయదు. బాబూ, సీసా మీద పేరు చూసి చెప్పు.

గోపాలమిత్ర:
పొర్లడం వేరు, ఎదకు రాకపోవడం వేరు. ఎదకు వచ్చి, కృత్రిమ గర్భధారణ చేయించినా చూడి కట్టక మళ్ళీ మళ్ళీ ఎదకు వస్తే అది పొర్లడం.

సహజ సేద్యం:
మా వైపు రెంటినీ అలాగే అంటాం.

పలమనేరు రైతు:
సీసా దొరికింది. బ్యుసరెలిన్ అని ఉంది, రెండున్నర మిల్లీలీటర్లు వేశారు. ఏడో రోజు మళ్ళీ పిలవమన్నారు.

రిటైర్డ్ పశువైద్యుడు:
ఈ మాట ముందే చెప్పి ఉంటే రాత్రుళ్ళు మేలుకునే పని తప్పేది. ఈ సూది ఎద తెప్పించడానికి కాదు, అండాన్ని విడుదల చేయించడానికి. తర్వాత అండాశయం మీద కార్పస్ లూటియం అనే చిన్న పసుపు గడ్డ తయారవుతుంది. ఏడో రోజు వేసే ప్రోస్టాగ్లాండిన్ అనే ఇంకో హార్మోన్ సూది దాన్ని కరిగిస్తుంది. అక్కడి నుంచి 56 గంటలకు మళ్ళీ బ్యుసరెలిన్, ఆపై 16 నుంచి 20 గంటల్లో కృత్రిమ గర్భధారణ. ఏడో రోజు ఉదయం 8కి వేస్తే, తొమ్మిదో రోజు సాయంత్రం 4కి బ్యుసరెలిన్, పదో రోజు ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపు వీర్యం. దీన్నే ఒవ్‌సింక్ అంటారు. ఎద కనిపించినా కనిపించకపోయినా గంట తప్పకూడదు.

గేదెల షెడ్డు, గుంటూరు:
మా గేదెలకు ఎండాకాలంలో మూగ ఎద, లక్షణాలు బయటికి కనబడవు. మాకు యోని లోపల పెట్టే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పరికరమే నయమనిపించింది.

పలమనేరు రైతు:
అయితే ప్రోస్టాగ్లాండిన్ షాపులో తెచ్చి నేనే వేస్తా, డాక్టరు గారు ఊళ్ళో ఉండట్లేదు. ఇంకో మాట, నెలన్నర కిందట మేతకు పోయినప్పుడు పక్కింటి కోడె ఎక్కింది. దానివల్ల ఇబ్బందేమైనా ఉందా?

గోపాలమిత్ర:
ఏడో రోజు సూది వేయకు.

పలమనేరు రైతు:
ఎందుకన్నా?

రిటైర్డ్ పశువైద్యుడు:
ఆవు చూడి కట్టి ఉంటే ఆ సూదితో ఈసుకుపోతుంది. చూడిని నిలబెట్టేది కూడా కార్పస్ లూటియమే కదా. కోడె సంగతి డాక్టరుకు చెప్పావా?

పలమనేరు రైతు:
ఆయన అడగలేదు, నాకూ తోచలేదు.

రిటైర్డ్ పశువైద్యుడు:
ఇప్పుడు చెప్పు. నెలన్నరకు చేతి పరీక్షలో తేలకపోవచ్చు. స్కానింగ్ ఉంటే ఇప్పుడే తెలుస్తుంది, లేకపోతే రెండు నెలలు నిండేదాకా ఆగు. వేసిన బ్యుసరెలిన్‌తో చూడికి భయం లేదు. ప్రోస్టాగ్లాండిన్ సీసా మాత్రం ఇంట్లో ఉంచకు. అది చర్మం గుండా లోపలికి పోతుంది. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు.

సహజ సేద్యం:
చూశారా, అందుకే హార్మోన్లు వద్దన్నాను.

గోపాలమిత్ర:
తప్పు మందుది కాదు, పరీక్ష లేకుండా వేయడానిది.

పలమనేరు రైతు:
డాక్టరు గారికి ఫోన్ చేశా. సోమవారం స్కానింగ్ చేస్తామన్నారు, అందాకా ఏమీ వేయొద్దన్నారు. థాంక్సండీ.

గేదెల షెడ్డు, గుంటూరు:
డాక్టరు గారూ, మూడేళ్ళ పడ్డకు ఆ పరికరం పెట్టొచ్చా? ఇంతవరకు ఒక్కసారీ ఎదకు రాలేదు.