వరి, పత్తి గ్రాఫు లెక్క: రైతుకు పనికొస్తుందా, పరీక్షకేనా?

ట్యూషన్ సార్, నల్లగొండ
పిల్లలకు ఓ లెక్క ఇచ్చాను. ఉన్నది 5 ఎకరాలు. వరి 'వ' ఎకరాలు, పత్తి 'ప' ఎకరాలు అనుకుంటే వ + ప ≤ 5. బోరు నీళ్లు 9 పాళ్లు. ఎకరా వరికి 3 పాళ్లు, పత్తికి 1 పాలు కావాలి, అంటే 3×వ + ప ≤ 9. ఖర్చులు పోను ఎకరాకు వరి మీద 20 వేలు, పత్తి మీద 15 వేలు మిగులుతాయనుకోండి. గీతలు గీసి (0, 0) పెట్టి చూస్తే రెండూ నిజమే అవుతాయి, కాబట్టి ఆ వైపే షేడ్ చేయాలి. ఎక్కువ మిగులు ఏదో ఒక మూల దగ్గరే వస్తుంది. మూలలు (3, 0), (2, 3), (0, 5). మిగులు 60, 85, 75 వేలు. కాబట్టి 2 ఎకరాలు వరి, 3 ఎకరాలు పత్తి.
ఒకబ్బాయి వాళ్ల నాన్న ఈ నోట్‌బుక్ చూసి, "మీ సార్ ఎన్నడన్నా నాగలి పట్టిండా?" అని నవ్వాడట. మీరేమంటారు?

దేవరకొండ రైతుబిడ్డ
ఆయన నవ్వడంలో తప్పు లేదు సార్. మాకూ 5 ఎకరాలే. అందులో తరి (వరి పండే మాగాణి) ఎకరన్నర, మిగతాదంతా చెల్క (మెట్ట). రెండెకరాల వరి ఎక్కడ నాటాలి? ఇవి మార్కుల కోసం చేసే లెక్కలు.

పాలమూరు లెక్కలు
మీరు చెప్పినదాంతో లెక్క చెడిపోలేదు, ఒక గీత తక్కువైంది. వ ≤ 1.5 అని నిలువు గీత గీయండి. మూల (1.5, 3.5)కు జరుగుతుంది, మిగులు 82,500. ఇప్పుడు నీళ్లు చూడండి: 3×1.5 + 3.5 = 8. ఒక పాలు వాడకుండానే ఉంది! అప్పు చేసి రెండో బోరు వేసినా రూపాయి పెరగదు. మన దగ్గర బోర్లకు ఎన్ని ఇళ్లు అప్పులపాలయ్యాయో మీకు తెలియనిది కాదు. ఇంకోటి, పత్తి మిగులు 20 వేలు దాటిన రోజున మూల (0, 5)కు దూకుతుంది, మొత్తం పత్తే. ఏమేయాలో రైతుకు తెలుసు. ఎక్కడ ఆగిపోతున్నాడో గ్రాఫులో కనిపిస్తుంది.

పేపర్లు దిద్దే మేడం
మీరు బోర్ల దాకా వెళ్లారు. నా దగ్గర −2×ప ≤ −6 ఇస్తే సగం మంది ప ≤ 3 అనే రాస్తారు. మైనస్‌తో భాగిస్తే గుర్తు తిరగబడాలని ఎన్నిసార్లు చెప్పాలి?

దేవరకొండ రైతుబిడ్డ
సరే, బోరు సంగతి ఒప్పుకుంటా. వానల్లేని ఏడు 9 పాళ్లు 6కు పడిపోతాయి. అప్పుడో?

పాలమూరు లెక్కలు
అప్పుడు అరెకరం వరి, నాలుగున్నర పత్తి. మిగులు 77,500. కొత్త బోరు ఎంత పోసినా 82,500 దాటదు. ఏడాదికి 5 వేల కోసం బోరు వేస్తారా?

దేవరకొండ రైతుబిడ్డ
ఇంటి తిండికి ఎకరం వరి తప్పదు సార్. వ ≥ 1 అని నేనే గీసి చూశా. 6 పాళ్లతో (1, 3) దగ్గర 65 వేలే. అంటే బోరు తెచ్చే తేడా 5 వేలు కాదు, 17,500. మీ గ్రాఫే మీకు ఎదురు తిరిగింది.

ట్యూషన్ సార్, నల్లగొండ
తిండిగింజల గీత నాకు తట్టనే లేదు. ఆదివారం ఆ నాన్ననే క్లాసుకు రమ్మన్నాను. ఆయన ఇబ్బందులు చెప్తూ ఉంటే పిల్లలు గీతలు గీస్తారు.